వాచీని ఈత కొట్టించిన కామాక్షయ్య

మా కామాక్షయ్య మామ ఏడాదిన్నరలో ఆరువందల సార్లకు పైగా ఒక వాచీని సముద్రం అడుగుకు దించి, క్షేమంగా పైకి తెచ్చాడు. ఒక్కసారి కూడా దానికి కీళ్ళు నొయ్యలేదు, కాళ్ళు తిమ్మిరెక్కలేదు. ఈ నెల్లూరు తీరంలో అంత జాగ్రత్తగా ఎవర్నీ ఎవరూ పైకి లాగి ఉండరు. నాకు బాగా తెలుసు, ఆ ఆరువందల కాగితాలూ నింపింది నేనే.

నా పేరు ఉష. విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డున మాది చేపలు పట్టుకునే పల్లె. డిగ్రీ అయ్యాక శివశంకర్ గారి ఆఫీసులో చేరాను. ఆయన కాంట్రాక్టరు. రేవు బయట లంగరేసుకుని నిలబడే ఓడలకు నీటి అడుగు పనులు చేయిస్తారు. తెగిపోయిన లంగర్లు వెతకడం, పంకాలకు చుట్టుకున్న వలలు కొయ్యడం, అలాంటివి. చేయిస్తారు అన్నాను, గమనించండి. ఆయన మోకాలి లోతు దాటి సముద్రంలో దిగగా నేను చూడలేదు. దిగేది హెబ్రోను. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పెరిగినవాడు, ముప్పై రెండేళ్ళవాడు. వీపున గాలి సిలిండరు, నడుముకు తాడు, ఆ తాడు పట్టుకుని పడవ మీద ఇద్దరు లాగేవాళ్ళు.

ఒకరోజు ఓడల కంపెనీ కొత్త నిబంధన పెట్టింది. దిగే మనిషి చేతికి డైవ్ కంప్యూటర్ ఉండాలి, ప్రతి మునకకూ అందులో పడిన లోతు గీతను, ఒక కాగితం నింపి జతచేసి, తమకు పంపాలి. చూడ్డానికది లావుపాటి వాచీ. ఎంత లోతుకు దిగావు, ఎంతసేపున్నావు అని లెక్కగట్టి, ఎంత మెల్లగా పైకి రావాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో చెప్తుంది. మొదటిరోజు హెబ్రోను బుద్ధిగా దాని మాట విన్నాడు. గొలుసు పని ముగించుకుని వస్తూ, ఐదు మీటర్ల లోతులో పదకొండు నిమిషాలు తాడు పట్టుకుని ఆగిపోయాడు.

పడవ మీద శివశంకర్ గారు చిందులు తొక్కారు. "ఏందయ్యా వాడు? పని అయిపోయినాక ఆడేం చేస్తుండాడు? నిద్రపోతుండాడా?"

"వాచీ ఆగమన్నాది సార్" అన్నాడు హెబ్రోను పైకొచ్చాక.

"నీకు వాచీ యజమానా, నేనా?"

మర్నాడు పని కాగానే తాడు పట్టి సర్రున లాగించేశారు. వాచీ కీచుమని అరిచి, ఎర్రగా వెలిగి, రెండు రోజులపాటు పని చెయ్యనని మొండికేసింది. ఆ ఎర్రగీత చూసి కంపెనీవాళ్ళు సంజాయిషీ అడిగారు. ఇంకొకరైతే, సరే, మనిషిని మెల్లగా తియ్యాలి కాబోలు అనుకుంటారు. మా సారుకు అంత తక్కువ బుర్ర ఇవ్వలేదు దేవుడు. ఆయన మనిషినీ వాచీనీ విడదీసేశారు. ఇకమీదట హెబ్రోను వాచీ లేకుండా దిగుతాడు, వాచీ హెబ్రోను లేకుండా దిగుతుంది.

వాచీని దించడానికి మనిషి కావాలి గదా. అందుకని కామాక్షయ్య మామను పిలిచారు. అరవై ఆరేళ్ళు, ఎడమ కంట్లో పొర, కుడి చెవిలో బీడీ. నలభై ఏళ్ళు చేపల వేట చేశాడు. శ్రీహరికోటలో రాకెట్టు వదులుతారని సముద్రం మీదికి పోనివ్వని రోజుల్లో తప్ప ఇంట్లో కూర్చున్నది లేదు. తాడు చేతిలో పడితే అడుగున ఇసకో బురదో చెప్తాడు. నైలాన్ తాడుకు బారకొక, అంటే చేతులు రెండూ చాపినంత దూరానికొక, ముడి వేసి, కొసకు సీసపు గుండూ వాచీ కట్టి, హెబ్రోను దిగేటప్పుడే దాన్నీ దించేవాడు. పదిహేను బారల లోతు. హెబ్రోనును లాగేశాక కూడా వాచీ మాత్రం రాణీలాగా, పన్నెండు సెకన్లకొక బార చొప్పున పైకి వచ్చేది. మూడు బారల దగ్గర, అంటే ఆ ఐదు మీటర్ల దగ్గరే, ఎన్ని నిమిషాలు ఆపాలో, అన్ని నిమిషాలూ మామ పడవ అంచున కూర్చుని, అల లేస్తే తాడు వదిలి, అల దిగితే తాడు లాగి, దాన్ని కదలకుండా నిలిపేవాడు. పక్కనే హెబ్రోను పడవలో వెల్లకిలా పడి రొప్పుతుండేవాడు.

"ఏం ఉద్యోగమయ్యా నీది?" అని అడిగిందట ఆయన భార్య మస్తానమ్మ.

"వాచీని ఈత కొట్టిస్తుండా."

"సిగ్గులా చెప్పుకునేదానికి?" అని ఆమె చెంబు విసిరి కొట్టింది. చెంబు సొట్ట పోయింది గానీ ఉద్యోగం పోలేదు.

ఆ గీతలు చూసి కంపెనీవాళ్ళు మురిసిపోయారు. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి మరి! ఈ తీరంలో ఇంత క్రమశిక్షణ కలిగిన డైవింగ్ తాము చూడలేదని శివశంకర్ గారికి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నాకు నా మనుషుల ప్రాణమే ముఖ్యం" అని మైకులో చెప్పారు. నేను చప్పట్లు కొట్టాను. తల్చుకుంటే ఇప్పటికీ నా చేతులు నరుక్కోవాలనిపిస్తుంది.

అప్పటికి హెబ్రోనుకు కుడి భుజం లేవడం లేదు. ప్రార్థనలో అందరూ రెండు చేతులెత్తితే ఈయన ఒకటే ఎత్తుతున్నాడని భార్య లిల్లీ కనిపెట్టింది. చర్మం మీద చారలు, ఒకటే నీరసం. సిలిండరు బరువుకు నరం పట్టిందని మందు రాసుకుంటూ, మర్నాడు మళ్ళీ దిగేవాడు.

ఒక మధ్యాహ్నం మామ ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చున్నాడు.

"పాపా, నువ్వు ఆ వాచీ పుస్తకం చదివినావు గదా. దాన్ని మూడు బారల కాడ ఆపకుండా లాగేస్తే ఏమవుద్ది?"

"వాచీకేం గాదు మామా. మనిషికైతే అవుద్ది" అని చెప్పాను. లోతున నీటి బరువుకు పీల్చిన గాలిలోని నైట్రోజన్ నెత్తుట్లో, కండల్లో కరిగి ఉంటుంది. మెల్లగా వస్తే ఊపిరిలో బయటికి పోతుంది. సర్రున వస్తే, గోలీసోడా కొట్టినట్టు, ఒంట్లోనే బుడగలవుతుంది. కీళ్ళలో చేరితే నొప్పి, వెన్నులో చేరితే కాళ్ళు పడిపోతాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

మామ బీడీ తీసి, వెలిగించకుండా చేతిలో తిప్పాడు.

"వాచీలో నెత్తురుండాదా?"

"లేదు మామా."

"హెబ్రోనులో?"

నేను తల దించుకున్నాను. ఆయన లేచి వెళ్ళిపోయాడు.

వారం తర్వాత ఒక ఓడకు లంగరు గొలుసు తెగింది. అది సాయంత్రం లోపల బయల్దేరాలి. కాగితాలు అక్కడికక్కడే ఇవ్వాలని సారు నన్ను కూడా పడవ ఎక్కించారు. పొద్దున రెండుసార్లు దిగినా గొలుసు దొరకలేదు. మూడోసారి హెబ్రోను దిగబోతుంటే, సారు ఫోనులో ఓడవాళ్ళను బతిమాలుకుంటున్న సందు చూసి, మామ తన తాడు కొసనున్న వాచీ విప్పి హెబ్రోను మణికట్టుకు కట్టాడు.

"అది చెప్పిందాకా కదలబాక. మూడు బారల కాడ ఇంకో సిలిండరు ఏలాడదీస్తా, గాలికి భయపడబాక" అన్నాడు చెవిలో.

ఇరవై రెండు నిమిషాలకు గొలుసు దొరికిందని తాడు కదిలింది. సారు ఎగిరి గంతేశారు. "లాగండి! తొందరగా లాగండి!"

"లాగబాకండి" అన్నాడు మామ. "సారూ, వాచీ వాడి చేతికుండాది."

"ఏందీ?"

"వాచీ. హెబ్రోను చేతికుండాది. ఇప్పుడు లాగితే ఎర్రగీత పడుద్ది. ఇంకోసారి ఎర్రగీత పడితే కంపెనీవోళ్ళు కాంట్రాక్టు తీసేస్తామన్నారంట గదా."

సారు ముఖం చూడాలి మీరు! తాడు లాగేవాళ్ళిద్దరూ చేతులు వదిలేశారు. "రేయ్, మెల్లగా! మెల్లగా రానీండి! వాచీకేమన్నా అయితే తోలు తీస్తా!" అని ఆయనే అరవడం మొదలుపెట్టారు. పద్దెనిమిది నిమిషాలు. ఓడవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు, ఈయన చెమటలు తుడుచుకుంటూ, "భద్రత సార్, మా దగ్గర భద్రతే ముఖ్యం" అని చెప్తూనే ఉన్నారు. ఏడాదిన్నరలో ఆ మాట నిజమైంది ఆ పద్దెనిమిది నిమిషాలే.

హెబ్రోను పడవెక్కగానే సారు అతని చెయ్యి పట్టుకుని, వాచీ తిప్పి చూశారు. ఎరుపు లేదు. "హమ్మయ్య, బాగానే ఉండాది" అన్నారు.

"నేను గూడా బాగానే ఉండా సార్" అన్నాడు హెబ్రోను.

మర్నాడు ఆ గీత తీసి పంపాను. అది నేను పంపిన మొదటి నిజమైన గీత. రెండు రోజులకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఈ మునకలో, ఐదు మీటర్ల దగ్గర ఆగినంతసేపూ గీత నిలకడగా లేదనీ, మీ డైవరు ఇదివరకు చూపిన క్రమశిక్షణ ఇందులో లోపించిందనీ, దీనికి వివరణ ఇవ్వాలనీ.

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. సారు మాత్రం బల్ల గుద్దారు. "చూసినావా? మనిషికి కడితే ఇట్నే ఏడుస్తాది! రేపట్నుంచి వాచీ మళ్ళీ తాడుకే. ఆ ముసలోణ్ణి ఇంకెప్పుడన్నా ఏలు పెడితే తరిమేస్తానని చెప్పు. మిషన్లో తేడా అని రాసి పంపించు పాపా" అని లోపలి గదిలోకి పోయారు.

మామ గుమ్మంలోనే ఉన్నాడు, అంతా విన్నాడు. రేపు పొద్దున ఏడింటికి హెబ్రోను మళ్ళీ దిగాలి, ఉత్త చేత్తో. నా ఉద్యోగం ఈ ఉత్తరంతో పోతుందని నాకు తెలుసు. అయినా రాశాను. ఇదివరకు పంపిన ఆరువందల పైచిలుకు మునకలూ తాడుకు కట్టిన వాచీవి. ఈ ఒక్కటే మనిషిది. మనిషి కాబట్టి అలలకు ఊగాడు. ఆ కాగితాలన్నీ అబద్ధమని తెలిసే నింపాను, నింపిన ఉషను నేనే.

మామకు చదివి వినిపించాను.

"మనిషి మనిషి అంటుండావు, పేరు లేదే. హెబ్రోను అని రాయి."

రాశాను. లోపల్నుంచి సారు కేకేశారు, "పంపించినావా పాపా?"

మీట నొక్కి, "పంపించినా సార్" అన్నాను.