శౌరయ్య అంకుల్ కిరీటం దించిన పండగ

మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్‌లో శౌరయ్య అంకుల్‌ని ఎరగని తెలుగు కతోలికులు లేరు. ఫిరంగిపురం మనిషి. ఇక్కడ బస్సు నడిపి నడిపి రిటైరయ్యారు గానీ, మా సంఘం ప్రెసిడెంటు పదవి మాత్రం ఆయన్ని వదల్లేదు. ఏటా పండగ భోజనానికి ముందు ఎవరో ఆయన పేరు చెబుతారు, అందరం చప్పట్లు కొడతాం. అంతే, ఎన్నిక అయిపోయినట్టే. ఆకలి మీద ఉంటాం కదా, గట్టిగానే కొడతాం. అంకుల్ వట్టి మొహమాటస్తుడు. చప్పట్లు వినపడ్డాక వద్దనడం ఆయనకు చేతకాదు.

ఆయన భార్య ఆరోగ్యమ్మ ఆంటీకి ఒకటే కోరిక, కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, అదే కారవాన్, తీసుకుని ఇద్దరూ ఊళ్లు తిరగాలని. కారవాన్ కొన్నారు, అది ఇంటి ముందే ఉండిపోయింది. హాలు బుకింగు, ఫాదర్‌గారికి ఎయిర్‌పోర్టు పికప్, అలిగిన పాటల బృందాన్ని బుజ్జగించడం... ఒకటి తెమిలేలోగా ఇంకొకటి. ఈ ఏడు కూడా ఒప్పుకుంటే తనొక్కతే వెళ్లిపోతానని ఆంటీ తేల్చి చెప్పేశారు.

ఈసారి పండక్కి మా సెక్రటరీ సృజన నాటకం రాసింది. ఏడు వందల ఏళ్ల కిందటి ఐదో సెలెస్టీన్ పోపు కథ. కొండ గుహలో ప్రార్థన చేసుకునే ముసలి సన్యాసిని పట్టుకొచ్చి పోపును చేశారు. పాపం, గాడిదనెక్కి వచ్చి కిరీటం పెట్టించుకున్నాడు. అడిగినవాళ్లందరికీ సరేనన్నాడు. ఆరు నెలలు తిరక్కుండానే, నావల్ల కాదంటూ కార్డినళ్ల ముందు దిగిపోయాడు. ఆ వేషం ఇంకెవరికిస్తారు, అంకుల్‌కే ఇచ్చారు. అయితే ఆ తర్వాతి ముక్క సృజన రాయలేదు. కొత్త పోపు ఆ ముసలాయన్ని గుహకు పోనివ్వకుండా కోటలో బంధిస్తే, ఆయన అక్కడే పోయాడు. రిహార్సల్లో ఎవరో చెప్పగా అది విన్నప్పటి నుంచి అంకుల్ దిగులుగానే ఉన్నారు.

పండగ రోజు గాడిద దొరక్క, ఆయన పిల్లల స్కూటర్ మీద స్టేజీ ఎక్కితే కడుపుబ్బ నవ్వాం. చివర్లో కిరీటం తీశారు. దాన్ని కుర్చీలో పెట్టాలి. పెట్టకుండా, తెర పక్కన డైలాగులు అందిస్తున్న సృజన దగ్గరికి నడిచి ఆమె తల మీద పెట్టేశారు.

"పనంతా చేసేది ఈ అమ్మాయే. ఇక మన ప్రెసిడెంటు కూడా ఈ అమ్మాయే," అన్నారు.

అదీ నాటకమే అనుకుని హాలు దద్దరిల్లేలా చప్పట్లు కొట్టాం. వెంటనే ఫాదర్‌గారు మైకందుకుని, సృజన ఏకగ్రీవంగా ఎన్నికైందని ప్రకటించారు. మేం తెల్లమొహాలు వేశాం.

సృజన కిరీటం సర్దుకుంది. "అంకుల్, నేను ఆ కొత్త పోపు టైపు కాదు. యు ఆర్ ఫ్రీ. ఎన్ని ప్రాబ్లమ్స్ వచ్చినా మీకు ఫోన్ చెయ్యను, ప్రామిస్."

అంకుల్ కళ్లు తుడుచుకున్నారు. నాకూ ఏడుపాగలేదు, అంత సంతోషమేసింది. కాసేపటికి ఆయన అలవాటు కొద్దీ వడ్డన బల్ల వైపు బయల్దేరారు. ఆంటీ చెయ్యి పట్టుకుని ఆపారు.

"వాళ్లు వడ్డించుకుంటార్లెండి. కూర్చోండి, తిందాం. పొద్దున్నే బయల్దేరాలిగా."

ఆయన కూర్చున్నారు. మా అందరికంటే ముందు, ఆమె పక్కన.