నాలుగో పిల్ల

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఎవరైనా చెప్తుంటే మర్యాద కోసం వింటాను, అంతే. ఇది రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. ఎవరేమనుకున్నా సరే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను తిరుపతిలో ఉంటాను. హైదరాబాదులో చదువుకునేటప్పుడు స్పానిష్ నేర్చుకున్నాను. యంత్రాలు వాడే పద్ధతి, మందుల వివరాలు, ఇలాంటి కాగితాలను ఇంట్లో కూర్చుని స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. కథల జోలికి ఎప్పుడూ పోలేదు.

ఆ భాష నవలలు మనకు వచ్చినా చాలావరకు ఇంగ్లీషు మీదుగానే వస్తాయి. నేరుగా చేయించాలని పట్టుదల ఉన్న ఒక చిన్న ప్రచురణకర్త నన్ను వెతుక్కుంటూ వచ్చారు. స్పెయిన్‌లో ఒక పెద్దావిడ రాసిన నవల అది. నిమ్మతోటలు పెంచే కుటుంబం కథ. అప్పటికే చాలా దేశాల్లో, చాలా భాషల్లో చదువుతున్నారు.

తెలుగు హక్కులు ఇవ్వడానికి అక్కడి ఏజెంటు మొదట ఇష్టపడలేదు. ఆ పేరుతో ఒక భాష ఉందని ఆవిడకు తెలియదట. చివరికి ఒప్పుకుంది కానీ ఒక షరతు గట్టిగా పెట్టింది. రచయిత్రి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఒక్క వాక్యం కలపకూడదు, ఒక్క వాక్యం తీయకూడదు.

నాతో మా మేనత్త ఉంటుంది. మా నాయనకు అక్క. ఎనభై దాటాయి. గూడూరులో మామ నిమ్మకాయల వ్యాపారం చేసినన్నాళ్లూ కాయలు ఏరించి, బుట్టలకెత్తించింది ఆవిడే. ఇప్పుడు చూపు తగ్గింది. చెవులు, మతి మాత్రం చక్కగా ఉన్నాయి. నిమ్మచెట్టు తెగుళ్ల గురించో, కోత గురించో నాకు మాట తట్టనప్పుడు ఆవిడనే అడిగేదాన్ని. అలా మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఆ రోజు చేసిన అనువాదం చదివి వినిపించడం అలవాటైంది. చదివేటప్పుడు ఫోన్లో రికార్డు చేసుకునేదాన్ని. తర్వాత వింటే వాక్యం ఎక్కడ కుంటుతోందో తెలుస్తుంది.

మంచి ఎండాకాలం. కిటికీలోంచి చూస్తే కొండ కూడా ఎండకు కరిగి కదులుతున్నట్టు ఉండేది. ఘాట్ రోడ్డు మీద బస్సుల అద్దాలు ఒక్క క్షణం మెరిసి మాయమయ్యేవి. అత్త మంచం మీద కళ్లు మూసుకుని పడుకుని, ఊఁ కొడుతూ ఉండేది. ఆ ఊఁల మధ్య చదువుతూ చదువుతూ, నేను ఏ ఊళ్లో ఉన్నానో కూడా ఒక్కోసారి తెలిసేది కాదు.

నవలలో ముగ్గురు పిల్లలు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. ఒకచోట పొద్దున్నే బల్ల చుట్టూ కూర్చుని రొట్టె తిని, ముగ్గురూ తోటకు వెళ్తారు. అది చదివి ముగించగానే అత్త కళ్లు తెరవకుండానే అడిగింది.

"ముగ్గురే పోయినారు. చిన్నది యాడ మే?"

"చిన్నది ఎవరత్తా? ముగ్గురే కదా పిల్లలు."

"నలుగురు. బల్ల కింద కూసోని కోడికి రొట్టె ముక్కలేస్తా ఉండె గదా, ఆ పిల్ల. అన్న చెప్పు ఒక్క కాలికి ఏసుకోని."

నిద్రమత్తులో ఏదో కలిపిందిలే అనుకున్నాను. కానీ రెండు రోజులాగి మళ్లీ అడిగింది, "ఆ పిల్లను తోటకు పిలుచుకోని పోయినారా ల్యాదా?" అని. ఆ పిల్ల లేదత్తా అంటే, నా మీద కోపం వచ్చినట్టు గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ అధ్యాయం నమూనాగా పంపించాను. ఏజెంటు తరఫున దాన్ని మూలంతో పోల్చి చూసింది హైదరాబాదులో ఒక రిటైరైన మాస్టారు. ఆయనకు రెండు భాషలూ వచ్చు. ఒకరోజు ఫోన్ చేశారు.

"బల్ల కింద కోడికి రొట్టె వేసే పిల్ల ఎవరమ్మా? మూలంలో లేదే!"

ఫైలు తెరిచి చూస్తే మూడు వాక్యాలు ఉన్నాయి. పిల్ల, కోడి, ఒంటికాలి చెప్పు. వాక్యాలు అచ్చంగా నావే. టైపు చేసినట్టు మాత్రం గుర్తు లేదు. అత్త మాటలు చెవిలో ఉండి, పరధ్యానంలో నేనే కొట్టి ఉంటాను. అదే చెప్పి, తీసేస్తానన్నాను. కానీ మాస్టారి నివేదిక అప్పటికే స్పెయిన్ వెళ్లిపోయింది. ఏజెంటు వారంలోగా సంజాయిషీ ఇవ్వమంది. లేకపోతే హక్కులు రద్దు. ఏడాది కష్టం. అంతకన్నా, తెలుగువాళ్లు సొంత పైత్యం కలిపేస్తారనే మాట అక్కడ మిగిలిపోతుందని నాకు భయం వేసింది.

అత్తను కూర్చోబెట్టి అడిగాను, ఆ పిల్ల గురించి ఎవరు చెప్పారని.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "నువ్వే గదమ్మే సదివినావు."

ఆ భాగం చదివిన రోజు రికార్డు తీసి విన్నాను. నా గొంతు చదువుకుంటూ పోతోంది. తల్లి రొట్టె కోసిన వాక్యం దగ్గర ఆగిపోయింది. తర్వాత దాదాపు అర నిమిషం ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కానీ ఆ ఫ్యాను చప్పుడులో అత్త ఊఁ కొట్టింది. కాసేపాగి మళ్లీ ఊఁ. చిన్నగా నవ్వింది. ఇంకోసారి ఊఁ. అప్పుడు నా గొంతు తర్వాతి వాక్యం అందుకుంది.

మధ్యలో ఆగిన సంగతి నాకు గుర్తు లేదు. మళ్లీ మళ్లీ విన్నాను. కథ వింటున్న మనిషి కొట్టే ఊఁలే అవి.

రికార్డు సంగతి వదిలేసి, మిగతాదంతా దాచకుండా రచయిత్రికే ఉత్తరం రాసి ఏజెంటుకు పంపాను. మా అత్త ఇలా అంది, నేను పొరపాటున రాశాను, క్షమించండి అని. ఆ మూడు వాక్యాలూ స్పానిష్‌లోకి మార్చి కింద పెట్టాను.

నాలుగో రోజు జవాబు వచ్చింది. ఏజెంటు దగ్గర నుంచి కాదు, రచయిత్రి నుంచే. ఒకే ఒక్క ప్రశ్న.

"ఏ కాలికి?"

అత్త వంటింటి గడప దగ్గర కరివేపాకు దూస్తోంది. మామూలుగా అడుగుతున్నట్టే అడిగాను, అత్తా, ఆ పిల్ల చెప్పు ఏ కాలికి వేసుకుంది అని.

"ఎడం కాలికే," అంది తల ఎత్తకుండా. "కుడికాలు బొబ్బలెక్కి ఉండె గదా, చెప్పెట్ట పడతాది?"

అదే రాసి పంపాను.

రెండు వారాలు ఏ కబురూ లేదు. హక్కులు పోయినట్టేనని ప్రచురణకర్త కూడా ఆశ వదులుకున్నారు. అప్పుడొచ్చింది ఉత్తరం, చేత్తో రాసినది ఫొటో తీసి. ఆ పిల్ల రచయిత్రి సొంత చెల్లెలట. కాలికి బొబ్బలెక్కిన ఆ చలికాలం దాటకుండానే పోయిందట. నవల మొదటి రాతలో నలుగురు పిల్లలే ఉన్నారట. అమ్మ చదివి, ఆ బిడ్డను ఊరి నోళ్లలో పెట్టవద్దని ఏడిస్తే, ప్రతి పేజీలోంచీ తీసేసి ఆ కాగితాలు పొయ్యిలో వేసిందట. కాలి సంగతి అప్పుడు కూడా రాయలేదట.

"వేడి పాలు ఒలకబోసింది నేను," అని రాసింది. "మా ఇంట్లో ఆ మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మ ఇప్పుడు లేదు. ఆ మూడు వాక్యాలూ అలాగే ఉంచండి. మీ అత్తగారిని అడగండి, అది ఏడుస్తోందా అని."

అడిగాను.

"ఏడ్సేదేముండాది?" అంది అత్త. "కోడితో ఆడుకుంటా ఉండె."

పుస్తకం వచ్చింది. స్పానిష్‌లో ముగ్గురే పిల్లలు. ఇంగ్లీషులో, ఫ్రెంచిలో, ఇంకా ఎన్ని భాషల్లో అచ్చయిందో అన్నింటిలోనూ ముగ్గురే. తెలుగులో నలుగురు.

మొన్న తిరుపతి పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ఒక కాలేజీ అమ్మాయి ఆ పేజీ తెరిచి నా దగ్గరికి వచ్చింది. ఇంగ్లీషులో చదివిందట.

"ఈ పిల్ల అందులో లేదు మేడమ్. మీరు కలిపినారా?"

"లేదమ్మా."

"మరి యాడ నుంచి వచ్చింది?"

రచయిత్రి అనుమతి కాగితం నా దగ్గర ఉంది. అది చూపించగలను. ఆ అమ్మాయి అడిగింది అది కాదు. నాకు తెలియదని చెప్పాను. ఈ రోజుకీ తెలియదు.