కింది వాటాలో నడికట్టు

అమెరికాలో, అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో మా అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింద ఒక మెక్సికన్ జంట ఉండేది. అతను ఇళ్ళ పైకప్పులు వేసే పనికి వెళ్ళేవాడు. ఆమె చిన్నపిల్ల, ఇరవై దాటి ఉండవు, తొలిచూలు. రెండువేల ఆరు ప్రాంతం. నేనప్పుడు ఉద్యోగం చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద ఇంట్లోనే ఉండేదాన్ని. ఇరుగుపొరుగు సంసారాలు గమనించడం తప్ప నాకు వేరే ఉద్యోగం లేదు.

కాన్పయి ఇంటికొచ్చాక ఏడుపు మా హాల్లోకి వినబడేది. పాప ఏడుపు కాదు, తల్లిది. సంగతేమిటో లాండ్రీ రూములో తెలిసింది. అక్కడ నాకు పరిచయమైన ఒక పెద్దావిడ ఉండేది. గ్వాటెమాలా నుంచి వచ్చి ఇళ్ళు శుభ్రం చేసే పని చేసుకునేది. ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు మాట్లాడేది.

"రోజూ వాళ్ళమ్మ ఫోన్ చేస్తుంది. నిన్నెవరు కట్టారు అని అడుగుతుంది. ఎవరూ కట్టలేదు. ఇద్దరూ ఏడుస్తారు" అంది.

కట్టడమంటే ఏమిటో చెప్పడానికి మాటలు చాలక, తన నడుం చుట్టూ చేతులు తిప్పి బిగించి చూపించింది. నా నోటివెంట తెలుగే వచ్చేసింది. "నడికట్టా!" ఆవిడకేం అర్థమైందో గానీ గట్టిగా తలూపింది. కాన్పుతో ఎముకలు తెరుచుకుంటాయట, కట్టి మూయకపోతే చలి లోపలికి దూరి జన్మంతా పీడిస్తుందట. మా అమ్మమ్మ దాన్నే వాతం అనేది. సరిహద్దు దాటి తల్లి రావడానికి దారిలేదు. కూతురు వెళ్తే మళ్ళీ తిరిగొచ్చే దారిలేదు. ఆ పిల్ల సరిగా తినడం మానేసింది, పాపని ఎత్తుకోవడం కూడా తగ్గించేసింది. నాకు నిజంగా భయమేసింది.

"శనివారం మేం కడతాం. నువ్వూ రా" అంది పెద్దావిడ, పేరంటానికి పిలిచినట్టు.

మా ఆయన అడ్డం పడ్డాడు. "మనకెందుకే? వాళ్ళ స్టేటస్ ఏంటో ఏమో. అసలే మన గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది."

"నడికట్టుకి ఎవరూ వీసా అడగరులే" అని కిందికి దిగాను.

ముగ్గురు ఆడవాళ్ళున్నారు. పెద్దావిడ కాక ఇంకొకామెది హోండురస్, మూడో ఆమెది మెక్సికోలోనే మరో మూల. ఏడాది కిందట ఒకరి మొహం ఒకరెరగరు. వారమంతా పరాయి ఇళ్ళు తుడిచి, హోటల్ గదుల్లో పక్కలు మార్చి, దొరికిన ఒక్క సెలవునీ ఇక్కడికి తెచ్చారు. పొయ్యి మీద కారం లేని కోడిపులుసు, దాని పక్కన దాల్చినచెక్క వేసిన మొక్కజొన్న జావ. ఇక పోట్లాట సంగతి చెప్పక్కర్లేదు. నడుం ముందు కట్టాలని ఒకరు, పొట్ట ముందని ఒకరు. నాకు స్పానిష్ రాదు గానీ ఆ గొడవ మొత్తం అర్థమైంది. బాలింత పథ్యం దగ్గర మా అత్తగారూ, మా పెద్దాడపడుచూ అచ్చం ఇలాగే వాదించుకునేవారు.

తీరా కట్టబోతే, కట్టుకోసం తెచ్చిన దుప్పటి జారిపోతోంది. నేను పైకి పరిగెత్తి, ఉతికి ఉతికి మెత్తబడిన మంగళగిరి నూలుచీర పట్టుకొచ్చాను. మడత విప్పుతుంటే ఎంతకీ తరగని ఆ పొడవు చూసి ముగ్గురూ నవ్వారు. దాన్ని నాలుగు మడతలు వేసి, ఆ పిల్ల నడుం కింద పరిచి, ఒక కొస నా చేతికిచ్చారు. రెండో కొస పెద్దావిడ పట్టుకుంది.

నేను భయపడుతూ లాగాను.

"అలా కాదు. వాళ్ళమ్మ అయితే ఎలా లాగుతుందో అలా లాగు" అంది.

కాలు తన్నిపెట్టి లాగాను. ఆ పిల్ల గుండెల్లోంచి పెద్ద నిట్టూర్పు వచ్చింది. కళ్ళు మూసుకుంది. ఎవరో మంచం మీద పాపని పడుకోబెడితే, తనంతట తానే దగ్గరికి తీసుకుంది. పుట్టింటివాళ్ళు రాలేని చోట వీళ్ళు పుట్టింటినే కట్టుకున్నారు, అదీ ముక్కూమొహం తెలియని మనుషులతో! చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. చేతుల్లో చీర కొస ఉంది కాబట్టి ఆగాను.

ఫోన్ మోగింది, స్పీకర్‌లో పెట్టారు. ఆ తల్లి రోజూ అడిగేదే అడిగింది. ఆ పిల్ల నెమ్మదిగా చెప్పింది: గ్వాటెమాలా, హోండురస్, మన మెక్సికో, ఇండియా.



"అక్కడ కూడా కడతారా అని అడుగుతోంది" అంది పెద్దావిడ నాతో.

"సీ" అన్నాను. అవును అనడానికి నాకొచ్చిన స్పానిష్ అదొక్కటే.

"గట్టిగా లాగావా అంటోంది."

"సీ, సీ!"

ఆ తల్లి ఏదో చిన్న మాట అంది. లైన్ కట్ అయిపోయింది. నాకు గాభరా పుట్టింది. "కోపమొచ్చిందా?" అన్నాను.

పెద్దావిడ లేదన్నట్టు తల అడ్డంగా ఊపి, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఇంక దాన్ని నిద్రపోనివ్వండి" అందట. కాన్పయిన నాటినుంచి ఆ తల్లి తనంతట తాను ఫోన్ పెట్టెయ్యడం అదే మొదటిసారట.