దోన మీద కప్పిన బండలు

ఉద్యోగ విరమణకు రెండేళ్ళ ముందు, మంచి ఎండాకాలంలో, నన్ను నెల్లూరు జిల్లా పడమటి మండలాలకు ప్రభుత్వ జియాలజిస్టుగా వేశారు. మకాం ఆత్మకూరు. పని, ఉదయగిరి, వరికుంటపాడు వైపు క్వారీ దరఖాస్తుల తనిఖీ. ఎవరైనా ఒక గుట్టను కంకర కోసం లీజుకు అడిగితే జియాలజిస్టు వెళ్ళి రాయి రకం, చుట్టుపక్కల ఇళ్ళు, నీటి వనరులు చూసి నివేదిక ఇవ్వాలి. నీటి వనరు ఉందని రాస్తే లీజు దాదాపు ఆగిపోయినట్టే.

నేను చేరేసరికి ఒక ఫైలు సగం నడిచి ఉంది. ఉదయగిరి అవతల ఒక చిన్న పల్లెను ఆనుకుని ఉన్న గుట్ట. తొలి తనిఖీలో ‘నీటి వనరులు లేవు, గ్రామస్థులను విచారించడమైనది’ అని ఉంది. మిగిలింది నా సంతకం. పై అధికారి ఫోన్ చేసి, చూసి వచ్చినట్టు రాసి పంపేయమన్నారు. చూసి రావడానికే నాకు జీతమిస్తున్నారని చెప్పి జీపెక్కాను.

గుట్ట కింద మేకలు తోలుకుంటున్న పెంచలమ్మ అనే పెద్దావిడ ఎదురైంది. నీళ్ళెక్కడైనా ఉన్నాయా అని అడిగాను.

“నీళ్ళు యాడుండాయమ్మా? ఉంటే మా కోడళ్ళు అంత దూరం బిందెలు మోసకొని యాల వస్తారు?” అంది. మాట్లాడుతూనే నా కన్నా ముందు నడిచి గుట్టెక్కింది. నన్ను ఒంటరిగా తిరగనివ్వకూడదని ఆమె పట్టుదల.

బండ ఏటవాలుగా దిగే చోట చెప్పు కింద ఏదో నున్నగా తగిలింది. వంగి చేత్తో తడిమాను. మూరెడు పొడవున, మధ్యలో లోతుగా, కొసల వైపు పలచబడుతూ గాడులు, ఒకదాని పక్కన ఒకటి. కొత్త రాతియుగపు మనుషులు నల్లరాతి గొడ్డళ్ళను నూరుకున్న చోటది. ఆ నూరుడుకి ఇసుక కావాలి, దాన్ని తడుపుతూ ఉండటానికి నీళ్ళు కావాలి. ఒక గొడ్డలి నూరితే బండ అరిగేది కొంచెమే, ఇంత లోతు గాడి పడాలంటే తరాలు పట్టాలి. అన్ని తరాలు ఎవరూ కింది నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఉండరు. చేతికందే దూరంలో నీళ్ళు ఉండి తీరాలి.

చుట్టూ చూశాను. కొంచెం కిందుగా, ఎండిన కంప కొమ్మలు కుప్పగా ఉన్నాయి. కొమ్మల కింద బల్లపరుపు బండలు, సందుల్లో మట్టి మెత్తి ఉంది. కంప దానంతటదే కొట్టుకొచ్చి పడొచ్చు గాని, బండలు నడిచి రావు.

“నీళ్ళు ఎందుకు దాచారవ్వా?” అన్నాను.

ఆమె తడబడలేదు. నడుముకు చెయ్యి పెట్టుకుని నిలబడింది.

“దాచక? పోయిన కరువులో ఒక ఆపీసరు అడిగితే మేమే సూపించినాం. మర్నాడే మోటారు దించి ట్యాంకర్లకు తోడుకొని పొయినారు. అడుగు బురద మాకు మిగిల్చినారు. అప్పుట్నించి ఎవురొచ్చినా లేవనే చెప్తాం. నువ్వొచ్చినా అంతే.”

నాకు కోపమూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నీళ్ళను కాపాడుకోవడానికి ఊరంతా కలిసి ఆడిన అబద్ధమే ఫైల్లోకెక్కి, నీళ్ళకు ఎసరు పెట్టింది. “మీరు లేవన్నారనే ఈ గుట్టను పేలుస్తామంటున్నారు. గుట్ట పోయాక ఇక కప్పిపెట్టడానికేముంటుంది?” అన్నాను.

ఆమె వంగి కంప కొమ్మలు పక్కకు లాగింది. తర్వాత గుట్ట కింద పనుల్లో ఉన్న ఆడవాళ్ళను కేకేసింది. నలుగురూ కలిసి ఒక బండను పక్కకు జరిపారు.

అడుగున నల్లగా, చల్లగా నీళ్ళు. దోన అంటే బండలో సహజంగా ఏర్పడిన నీటి గుంట. గుట్ట మీది వాన ఈ వాలులోనే దిగుతుంది. పల్లంలో చిక్కిన గులకరాళ్ళను సుడి తిప్పి తిప్పి బండను గుండ్రంగా తొలిచింది. పై నెర్రెల్లో నిలిచిన వాననీరు ఎండల్లోనూ కొద్దికొద్దిగా ఊరుతూ దాన్ని తడారనివ్వదు. పేలుళ్ళకు ఆ నెర్రెలు కదిలితే ఊట దారి తప్పుతుంది. అప్పుడు దోన ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

వాంగ్మూలం కావాలన్నాను. “ఇస్తా. మోటారు దించితే ఒప్పేది లేదని గూడా రాయి. అది రాయకుంటే నేను చెప్పను పో” అంది పెంచలమ్మ. అలాంటి మాటకు మా నమూనాలో చోటు లేదు. మార్జిన్‌లో రాశాను. నివేదికలో గాడుల గురించి ఒక పేరా, దోన గురించి ఒక పేరా రాసి, ఫొటోలు జతచేసి పంపాను.

ఫైలు వారంలోపే తిరిగొచ్చింది. పై అధికారి పిలిపించి, “మీరు రాయి గురించి రాయండి. రాతియుగం గురించి మిమ్మల్ని ఎవరడిగారు?” అన్నారు.

“రాయి గురించే రాశానండి. రాయి మీద ఉన్నదే రాశాను” అన్నాను. ఆ రెండు పేరాలూ తీసేయమన్నారు. తియ్యనన్నాను. కావాలంటే మరో జియాలజిస్టును పంపి, దోన లేదని అతని చేత సంతకం పెట్టించుకోమన్నాను. ఫొటోలు ఫైల్లో ఉండగా అలా సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. లీజు దరఖాస్తును తిరస్కరించారు. నన్ను ఇంకో జిల్లాకు బదిలీ చేశారు. సామాను సర్దుకున్నాను గాని, నివేదికలో అక్షరం మార్చలేదు.

ఆ తర్వాత నా కింద పనిచేసిన కుర్ర జియాలజిస్టులకు ఒకటే చెప్పాను. నీళ్ళు లేవని ఊరు చెబితే, ఎవరికి భయపడి చెబుతోందో కనుక్కోండి. అది తేలేదాకా ‘లేవు’ అని రాయకండి. పోయిన వేసవిలో ఆ దారినే వెళ్తూ గుట్టెక్కాను. దోన మీద బండలు కప్పే ఉన్నాయి. పక్కనే కూర్చున్న పెంచలమ్మను, నాతో వచ్చిన డ్రైవరు తాగడానికి నీళ్ళేమైనా ఉన్నాయా అని అడిగాడు.

“నీళ్ళు యాడుండాయి నాయనా?” అంటూ తన చెంబు అతని చేతికిచ్చింది.