బాయి మధ్యలో బేరం

మా ఇంట్లో దేవుడితో కూడా బేరం ఆడేవాళ్ళం. గోదావరిఖనిలో మాది కిరాణా కొట్టు. పొద్దున్నే తరాజు కళ్ళకద్దుకుని అగరొత్తి వెలిగించే నాన్న, ఆ పొగ ఆరకముందే దేవుడితో మాట కుదుర్చుకునేవాడు. గిరాకీ జోరుగా ఉంటే కొబ్బరికాయ, ఓ మోస్తరుగా ఉంటే బెల్లం ముక్క. ఒక పళ్ళెంలో మనం ఏదైనా పెడితే రెండోది లేస్తుందని నేను అక్షరాలకంటే ముందు నేర్చుకున్నాను. నా లెక్కలో దేవుడు కాస్త మొండి బేరగాడు, అంతే. ఓపిక పడితే దిగివస్తాడు.

డెబ్బైల మొదట్లో, కొట్టు ఇద్దరు అన్నదమ్ములకు చాలదని తేలాక, దాన్ని అన్నకు వదిలేసి నేను బొగ్గుబాయిలో చేరాను. గనిని మా దగ్గర బాయి అనే అంటారు. ఆ పంపకంలో నేనే గెలిచానని చాలా రోజులు మురిసిపోయాను.

బాయి దిగాలంటే కేజ్ ఎక్కాలి. ఉక్కుతాడుకు వేలాడే ఇనుప బోను అది. ఎక్కేముందు బాయి పక్కన గద్దె మీదున్న మైసమ్మ తల్లికి మొక్కి, అదే చేత్తో బోను చువ్వను తాకడం అందరి అలవాటు. తాడును ఆడించే ఇంజన్ డ్రైవర్ పైన ఎక్కడో ఒక గదిలో ఉంటాడు. ఆయనకు మేం కనిపించం. కేజ్ దగ్గర కొట్టే గంట వింటాడు, మీట లాగుతాడు.

ఒక రోజు మొదటి షిఫ్టుకు దిగుతుంటే సగం దారిలో కేజ్ ఎగిరిపడి ఆగిపోయింది. ఒకరి మీద ఒకరం పడ్డాం.

"కరెంటు పోయింది. బ్రేకు పడ్డది" అన్నారెవరో.

"ఎంతసేపు?" అన్నాను.

"కరెంటునడుగు."

నన్ను తన జోడీగా పెట్టుకుని పని నేర్పుతున్న ముసలి కాక, "లైట్లు ఆపుండ్రి, బాటరీ ఉంచుకోవాలె" అన్నాడు. టోపీల మీది దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

అంత చీకటి నేనెన్నడూ చూడలేదు. చూడలేదనడమూ తప్పే, అక్కడ చూడడానికేమీ లేదు. నా భుజమేదో, పక్కవాడి భుజమేదో తెలియలేదు. ఎవరి చెమటో నా మెడ మీద కారుతోంది. కొట్టులో గల్లా ముందు కూర్చున్నప్పుడు ఎంతో గట్టిగా ఉండే 'నేను' ఒక చిన్న దీపం వెలుతురు మేరకే ఉండేదా అనిపించింది. చెయ్యి చాపితే బోను అవతల గోడ. తడిగా, చల్లగా ఉంది. నేలంటే కాళ్ళ కింద ఉండేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది నాలుగు పక్కలా ఉంది, తల పైన కూడా ఉంది.

నోరు దానంతటదే తెరుచుకుంది. "అమ్మా మైసమ్మా, నన్ను పైకి తీస్కపో. కొబ్బరికాయ కొడ్త."

చీకట్లో నవ్వులు. కొట్టు నుంచి వచ్చినవాణ్ణని బాయిలో నన్ను సేటు అనేవాళ్ళు. "ఏంది సేటూ, గింతమంది పానాలకు ఒక్క కొబ్బరికాయనా?"

"కోడి!" అన్నాను.

"జర పెంచరాదూ."

తాడు కిర్రుమంది. "యాట! యాట కోస్త తల్లీ!" అని కోడి నుంచి ఏకంగా మేకపోతుకు ఎగబాకి అరిచాను.

"ఇన్నరా అందరు? యాట అన్నడు" అన్నాడు కాక తృప్తిగా. మా బాయిలో ఒక కట్టుబాటుంది. కేజ్‌లో నోరారా మొక్కిన మొక్కులో విన్నవాళ్ళందరికీ వాటా. అది నాకు అప్పటికి తెలియదు.

"కాకా, అమ్మకు ఇనవడ్డదంటవా?" అని మెల్లగా అడిగాను.

"అమ్మ సంగతి నాకెర్కలే బిడ్డా. ఇంజన్ కాడున్నాయనకైతే ఇనవడది. ఆయనకు గంట ఒక్కటే ఇనవడ్తది."

నాన్న దేవుడికి ఒక ముఖం ఉండేది. ఆ ముఖం చూసి తగ్గాలో, బిగించాలో తెలుసుకోవచ్చు. ఇక్కడ నా బరువు మోసేవాడికి నా పేరు తెలియదు, నా గొంతు తెలియదు. అలాంటివాడికి ఏం ఇవ్వజూపాలి?

ఎంతసేపయిందో తెలియదు. కేజ్ కదిలింది. కిందికి.

"కిందికేంది?" అని అరిచాను.

"డ్యూటీకి పోతున్నం గదనే!"

అడుగున దిగగానే బేరానికి దిగాను. "నేను పైకి తీస్కపొమ్మన్న. అమ్మ కిందికి తెచ్చింది. యాట చెల్లది."

"పానం దక్కిందా లేదా?" అని అందరూ మీదపడ్డారు.

కాక ఒక్కడే నెమ్మదిగా అడిగాడు. "సరే తీ. మరి పైకి ఎట్ల పోతవ్ సేటూ?"

దారి అదొక్కటే. ఆ రోజంతా బొగ్గు ఎత్తుతూ వేరే దారి కోసం ఆలోచించాను. షిఫ్టు దిగాక అదే బోనులో, అదే భుజాల మధ్య నిలబడ్డాను. "ఈపాలి ఏమిస్తవ్?" అన్నారు. గంట మోగింది. తాడు బిగిసింది. వెలుతురు కనిపించేదాకా ఊపిరి కూడా బేరమాడకుండా వదిలాను.

ఆదివారం యాటను కోశాం. ఇంజన్ డ్రైవర్‌ను కూడా పిలిచారు. బక్కగా, నత్తితో మాట్లాడే మనిషి.

"అన్నా, ఆ దినం మేం నడుమ ఏలాడుతుంటే నీకేమనిపిచ్చింది?" అని అడిగాను.

"నాకేమనిపిస్తది? కరెంటొచ్చింది, మీట లాగిన. కూర జర ఉప్పయింది సేటూ."

ఆయన విస్తట్లో ఎవరూ చూడకుండా మంచి ముక్కలు రెండు ఎక్కువ వేశాను. మర్నాడు పొద్దున కేజ్ కిందికి జారుతుంటే, అవి ఆయనకు గుర్తుంటాయా అని ఆలోచిస్తూ చువ్వను రెండు చేతులా పట్టుకున్నాను.