కండక్టరమ్మ పాడిన విరహగీతం

కండక్టరమ్మకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. అందులో ఇరవై అయిదేళ్ళు గొంతు మీదే నడిచాయి. ఆమె రూటులో ముప్ఫై ఒక్క స్టాపులు. బస్సు కదిలిందంటే చాలు, రాబోయే నాలుగైదు పేర్లు ఒక్క గుక్కలో చెప్పేది. చెబుతూనే టికెట్ చింపేది, అడ్డంగా ఉన్న సంచీలు తీయించేది, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి కళ్ళతోనే లోపలికి లాగేది. ఇంత చేసినా ముఖంలో ఒక్క గీత కదిలేది కాదు. నోరు పరుగెత్తేది, ముఖం మాత్రం అరుగు మీద కూర్చున్నంత నింపాదిగా ఉండేది.

కిందటేడు బస్సుల్లో మెషీను పెట్టారు. ఎవరో అమ్మాయి గొంతు, పాలల్లో తేనె కలిపినట్టు, ప్రతి స్టాపు పేరూ చెబుతుంది. కండక్టరమ్మ దాని మీద కక్ష పెట్టుకోలేదు. "దానికి దగ్గు రాదు, జలుబు రాదు. అప్పుడప్పుడూ స్టాపు దాటాక చెబుతుంది, అంతేగా. మనం చెయ్యమా తప్పులు?" అని డ్రైవరుతో అనేది. గొంతుకి విశ్రాంతి దొరికిందని సంతోషమే. కాకపోతే ఇంట్లో కూర తరుగుతూ ఉన్నట్టుండి "కోర్టు, కోర్టు, కోర్టు దిగేవాళ్ళు ముందుకి" అనేసేది. భర్త పేపరు దించి, "నేను దిగను గానీ కాస్త టీ ఇవ్వు" అనేవాడు.

చెల్లెలి కూతురు ఆమె దగ్గరే ఉండి వీడియో కోర్సు చదువుతోంది. ఆ పిల్లని అందరూ గువ్వ అంటారు. నెలలు నిండకుండా గుప్పెడంత పుట్టి, పదమూడు రోజులు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంది. ఆ పదమూడు రోజులూ గాజుకి ఇవతల నిలబడి నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టింది పెద్దమ్మే. ఇప్పుడు గువ్వకి ఇరవై ఒకటి. అయినా దానికి ఏ కష్టం వచ్చినా పెద్దమ్మ చూపు ముందు వెళ్ళేది దాని ముఖం మీదికి కాదు, ఛాతీ మీదికి.

ఇప్పుడొచ్చిన కష్టం ఒక పాట. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకి మ్యూజిక్ వీడియో తీయాలి. మొదటిసారి ఇచ్చినదాన్ని మేడం తిప్పి పంపింది. "ఇలాంటివి ఇప్పటికి నలభై చూశాను" అంది. ఆవిడ నియమం ఒకటే. అది ఏ రకం పాటో చూడగానే తెలియాలి, అంటే ఆ రకం పాటలకుండే అలవాట్లు అందులో కనిపించాలి. వాటిలో ఒక్కదాన్నయినా కావాలని తప్పాలి. ఎందుకు తప్పారో క్లాసు ముందు నిలబడి చెప్పాలి. సోమవారం లోపల రెండోది ఇవ్వకపోతే ఈ ఏడు పోయినట్టే.

"మాది విరహగీతం పెద్దమ్మా" అంది గువ్వ. "బస్సు, కిటికీ సీటు, అద్దం మీద వానచుక్కలు. హీరో అద్దానికి నుదురు ఆనించి స్లోమోషన్‌లో పాడతాడు."

"మరి తప్పేదేమిటే?"

"చివర్లో ఏడవడు."

"అంతేనా?"

"చాలదంటావా?" అంటూ గువ్వ గోరు కొరుక్కుంది.

"నాకేం తెలుసు తల్లీ. బస్సయితే నేను అడుగుతాను."

డిపో మేనేజరు ఒప్పుకున్నాడు. ఆదివారం ఎనిమిది నుంచి పదకొండు దాకా బస్సు షెడ్డులో ఖాళీగా ఉంటుంది, ఆ తర్వాత డ్యూటీకి వెళ్ళిపోతుంది. గువ్వతో పాటు ఇద్దరు వచ్చారు. ఒకతను హీరో, జుట్టు దువ్వడానికే గంట పట్టినట్టున్నాడు. ఇంకొకామె కెమెరా పిల్ల, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటుంది. కాపలాకి డ్రైవరు. బస్సు కదుల్తున్నట్టు ఎలా చూపించాలని వాళ్ళు తర్జనభర్జన పడుతుంటే ఆయన ఇంజను ఆన్ చేశాడు. పాత బండి దానంతట అదే ఊగడం మొదలుపెట్టింది. ఇస్త్రీకి నీళ్ళు చల్లే సీసాతో గువ్వ అద్దం మీద వాన కురిపించింది. అంతవరకూ బాగానే ఉంది.

చిక్కంతా స్లోమోషన్‌తో వచ్చింది. మామూలుగా తీసి వేగం తగ్గిస్తే పాట ఒకచోట, పెదాలు ఒకచోట ఉంటాయి. అందుకని షూటింగులో పాటని రెట్టింపు వేగంతో పెట్టాలి, హీరో అంతే వేగంగా పెదాలు కదపాలి. తర్వాత బొమ్మని సగానికి సగం నెమ్మది చేస్తే పెదాలు అసలు పాటతో సరిగ్గా కలుస్తాయి. జుట్టు, నీటిచుక్కలు, రెప్పలు మాత్రం గాలిలో తేలుతున్నట్టు కదుల్తాయి. లెక్క సరైనదే. మనిషే కుదరలేదు. "నువ్వు దిగిపోయిన చోటే నా దారి ఆగిపోయింది" అనే లైను దోమ గొంతుతో పరుగెత్తుతుంటే, దాన్ని అందుకోబోయి హీరో కళ్ళు వెళ్ళబెట్టాడు, మెడ నరాలు ఉబ్బించాడు.

తొమ్మిదిసార్లు తీశారు. కెమెరా పిల్ల తెర చూసి, "స్లోలో ఆవు నెమరేస్తున్నట్టుందిరా" అంది.

"అయితే నువ్వొచ్చి పాడు!"

"నాకు ఆవు మీద కోపం లేదులే."

పది దాటింది. గువ్వ ఫుట్‌బోర్డు మెట్టు మీద కూర్చుంది. ఛాతీ గబగబా లేచి పడుతోంది. టికెట్ సంచీ సర్దుకుంటున్న పెద్దమ్మ చూసింది, చూసి సంచీ భుజాన వేసుకుని వచ్చింది.

"ఆ దోమ పాట ఇంకోసారి పెట్టవే."

మూడుసార్లు వింది. నాలుగోసారి, రాడ్ పట్టుకుని నిలబడి, పాటతో పాటు తనూ చెప్పేసింది. స్టాపుల పేర్లు చెప్పినట్టే, ఒక్క అక్షరం జారకుండా. కెమెరా ఎటూ ఆన్‌లో ఉంది కదా అని కెమెరా పిల్ల ఇటు తిప్పింది.

తర్వాత నెమ్మది చేసి చూసుకున్నారు. ఆ చిన్న తెర మీద ఒక నడివయసు మనిషి, ఖాకీ యూనిఫాం, చెవి పక్కన తెల్లవెంట్రుక ఒకటి మెల్లగా పైకి లేస్తోంది. పెదాలు ఒక్కో మాట మీదా కచ్చితంగా వాలుతున్నాయి. తొందర లేదు. ఆ కళ్ళు ఎవరినో చూస్తున్నాయి. కెమెరా పిల్ల నమలడం ఆపేసింది.

హీరో ముందుగా తేరుకున్నాడు. "పది రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశానండీ నేను" అన్నాడు, చిన్నబోయి.

"నేను ఇరవై అయిదేళ్ళు చేశాను నాయనా. అందులో నీ తప్పేం లేదు."

"కానీ పెద్దమ్మా, విరహగీతం కండక్టరు పాడడమేంటి? మేడం అడిగితే ఏం చెప్పను? ఎవరి కోసం పాడుతున్నట్టు?"

పెద్దమ్మ బస్సంతా ఒకసారి చూసింది. "నేనొకటి చెప్పనా? కిటికీ పక్కన కూర్చుని బాధపడేవాణ్ణి నేనింతవరకు చూళ్ళేదే. అక్కడ కూర్చునేవాళ్ళు నిద్రపోతారు. నిజంగా మనసు బాగోలేనివాడు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. వెనక తలుపు దగ్గర రాడ్ పట్టుకుని, మనకి వీపు పెట్టి నిలబడతాడు. వాడి స్టాపు వస్తుంది, దిగడు. చివరిదాకా వెళ్ళి, అదే బస్సులో వెనక్కి వస్తాడు."

"నువ్వేం చేస్తావు మరి?"

"అడగనమ్మా. అడిగితే సిగ్గుపడతారు. ఎక్కేటప్పుడు చెప్పిన స్టాపు గుర్తుంటుంది కదా, మెషీను రాకముందు తిరుగు దారిలో ఆ పేరొక్కటీ కాస్త గట్టిగా చెప్పేదాన్ని. చాలామంది దిగేవాళ్ళు."

గువ్వ లేచి నిలబడింది. మిగిలింది నలభై నిమిషాలు. హీరోని వెనక తలుపు దగ్గర రాడ్ పట్టుకుని కెమెరాకి వీపు పెట్టమంది. దువ్విన జుట్టు వెనక నుంచైనా కనబడుతుందని అతను సర్దుకున్నాడు. నిలబడ్డాక భుజాలు దించి, తల కాస్త వంచాడు. ఆ వీపుని చూస్తే ముఖంతో పని లేదనిపించింది. వానచుక్కల కిటికీ దగ్గర డ్రైవర్ని కూర్చోబెట్టారు. నిద్ర నటించమంటే ఆయన నిజంగానే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని. పాట మొత్తం కండక్టరమ్మ పాడింది. పదకొండుకి అయిదు నిమిషాలుందనగా డ్రైవర్ని లేపారు. హీరో దిగడం, బస్సు షెడ్డు దాటి డ్యూటీకి వెళ్ళిపోవడం కూడా తీసుకున్నారు.

బుధవారం క్లాసులో వేశారు. మధ్యాహ్నం షిఫ్టుకి ముందు పెద్దమ్మ యూనిఫాంలోనే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. తెర నిండా తన ముఖం కనబడగానే తల దించేసుకుంది. డ్రైవరు నిద్ర దగ్గర అందరూ నవ్వారు. ఆ తర్వాత, హీరో దిగి, బస్సు వెళ్ళిపోయే చోట ఎవరూ నవ్వలేదు.

"నియమం తప్పడం ఎవరైనా చేస్తారు" అంది మేడం. "దీన్నే ఎందుకు తప్పారు?"

గువ్వ రెండు పేజీల జవాబు రాసి పెట్టుకుంది. కాగితం చేతిలో ఉంది, చూపు అక్షరాల మీద ఆగలేదు. వెనక బెంచీలో పెద్దమ్మ కదలకుండా దాని ఊపిరి చూస్తోంది.

"మేడం, ఇలాంటి పాటల్లో బాధపడేవాడు ఎప్పుడూ ఒంటరివాడే. బస్సు నిండా జనం ఉన్నా వాళ్ళు కెమెరాకి కనబడరు. వాళ్ళకీ వీడు కనబడడు. మా పెద్దమ్మకి కనబడ్డాడు. అందుకే పాట ఆవిడకిచ్చాం."

మేడం ఏదో రాసుకుంది. "నేల మీద అంత ఎండ పడుతుంటే అద్దం మీద వాన ఎక్కడిది?"

"అది ఇస్త్రీ వాన మేడం" అంది కెమెరా పిల్ల.

"దానికి మార్కులు కోస్తాను. ఫలితం రేపు."

మర్నాడు కండక్టరమ్మ ఫోను టికెట్ సంచీలో, చేతికి తగిలేలా పెట్టుకుంది. పెద్దాసుపత్రి దాటింది, నీళ్ళట్యాంకు దాటింది. వంతెన ఎక్కుతుండగా సంచీ గుర్రుమంది. గువ్వ ఒక్క ముక్కే పంపింది: "పాసయ్యాం." దాని కింద ఇంకోటి: "వానకి నాలుగు మార్కులు పోయాయి."

ఆమె ఫోను సంచీలో వేసి, నిండుగా ఒక ఊపిరి తీసుకుంది. అంతలో మెషీను తేనెగొంతుతో కోర్టు స్టాపు చెప్పింది. చెప్పేసింది కదా, ఇక అవసరం లేదు. అయినా కండక్టరమ్మ నోరు ఊరుకోలేదు.

"కోర్టు, కోర్టు, కోర్టు! తర్వాత బాలికల స్కూలు, పాత మార్కెట్టు, పోస్టాఫీసు! దిగేవాళ్ళు ముందుకి రండి!"

డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వాడు. ముందు సీట్లో రోజూ వచ్చే పెద్దాయన ఉలిక్కిపడి, ఫైళ్ళ సంచీ గుండెలకి హత్తుకుని లేచాడు.

"ఏమ్మా, ఇన్నాళ్ళకి తగ్గిందా గొంతునొప్పి? ఏడాదిగా అడుగుదామనుకుంటున్నా, బాధపడతావేమోనని ఊరుకున్నా."

"తగ్గింది బాబాయ్" అంది కండక్టరమ్మ, గంట తాడు అందుకుంటూ. "దిగండి, ఇది మీదే."