గోల్‌పోస్టుకి దుప్పట్లు చుట్టిన మా వదిన

నేను తలతో కొట్టిన బంతి ఒకసారి మబ్బుల్లోకి వెళ్లి, ఒంటికి గద్ద ఈక అంటించుకుని కిందికొచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. ఆ రోజు గ్రౌండ్‌లో ఉన్నవాళ్లెవరూ ఇప్పుడు ఊళ్లో లేరు కాబట్టి కాదనేవాడు లేడు. నేను బడిని వదిలేశానా, బడే నన్ను వదిలేసిందా అని మా ఇంట్లో ఇప్పటికీ తగువుంది గానీ, బంతి విషయంలో మాత్రం నా మాటకి తిరుగులేదు.

అయితే ఈ కథ నాది కాదు, మా వదినది. నాది మొదలెడితే మీరు ఇవాళ ఇళ్లకి పోరు.

మా వదిన లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రి గౌన్లు, అన్నీ ఆమె చేతుల మీదుగానే పోవాలి. తడి దుప్పటిని రెండు చివర్లూ పట్టుకుని ఆమె ఒక్క విదిలింపు విదిలిస్తే, బట్టల బండి తోసుకుంటూ వచ్చే నేను బండితో సహా వెనక్కి జరుగుతాను. సాయంత్రం పని దిగాక బస్ డిపో వెనక మట్టి గ్రౌండ్‌లో పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పుతుంది. జీతం లేదు, బత్తెం లేదు. పిల్లలు ఆమెని 'కోచత్త' అంటారు. కన్నకూతురు కూడా గ్రౌండ్‌లో అలాగే అనాలి, అమ్మా అంటే రెండు రౌండ్లు పరిగెత్తాలి.

మా గ్రౌండ్ గురించి గొప్పలు చెప్పాలని నాకూ ఉంటుంది, కానీ అక్కడ నా నోరు కూడా పడిపోతుంది. ఒక సగంలో లారీలు నిలుపుతారు. కార్నర్ కొట్టాలంటే ముందు డ్రైవర్‌ని నిద్ర లేపాలి. వానపడితే పెనాల్టీ బాక్సులో కప్పలు ఆడతాయి, మా పిల్లలు చూస్తారు. పెద్ద క్లబ్బు స్టేడియం బస్సులో కాసేపటి దూరమే. వాళ్లకి పచ్చగడ్డి, రాత్రిని పగలు చేసే లైట్లు, ఆటగాడి కాలు బెణికితే నలుగురు డాక్టర్లు. వాళ్ల మనుషులు ఏడాదికోసారి మా దగ్గరికి కూరగాయల బజారుకి వచ్చినట్టు వచ్చి, నొక్కి చూసి, బాగున్నవాళ్లని ఏరుకుని పోతారు. మిగిలినవాళ్ల సంగతి, పండి రాలినవాళ్ల సంగతి అడగరు.

పండి రాలినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా అన్నయ్య.

అన్నయ్య నిజంగా ఆడినవాడు, నాలా నోటితో కాదు. పెద్ద క్లబ్బు రెండో జట్టులో డిఫెండర్. ఎత్తుగా వచ్చిన బంతినల్లా నుదుటితో తిప్పికొట్టడమే ఆయన పని. ప్రాక్టీసులోనూ పొద్దున్నుంచీ అదే, ఢం ఢం ఢం. జనం ముద్దుగా 'సుత్తి' అని పేరు పెట్టారు. కళ్లు తిరిగి పడిపోతే మొహాన నీళ్లు కొట్టి లేపేవాళ్లు. లేచి నిలబడితే స్టేడియం అంతా చప్పట్లు.

ఆయనకి ఇప్పటికింకా యాభై రాలేదు. బూట్లు ఫ్రిజ్‌లో పెడతాడు. టీలో చక్కెర వేసుకుని, కలుపుకుని, మళ్లీ వేసుకుంటాడు. నన్ను చూసి, "బాబూ, మీరు ఎవరి తాలూకు?" అని మర్యాదగా అడుగుతాడు.

"నీ తాలూకే అన్నయ్యా. ఎవరూ తీసుకెళ్లలేదు, ఇక్కడే ఉండిపోయాను," అంటాను.

ఆయన నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. వదిన మాత్రం స్టవ్ ఆపి ఉందో లేదో చూసొస్తుంది.

డాక్టర్ చెప్పిన ఒక్క మాట ఆమె గుండెలో మేకులా దిగిపోయింది. "పెద్ద దెబ్బేమీ కాదమ్మా. చిన్నచిన్నవే. ఒకటి మానకముందే ఇంకోటి. అదీ ప్రమాదం." ఆ రోజు నుంచీ వదిన భయానికే కోచింగ్ ఇస్తోందా, పిల్లలకి ఇస్తోందా అని నాకు అనుమానం. చిన్నపిల్లలు తలతో బంతి ముట్టకూడదు. లాండ్రీలో చిరిగి పారేసిన హోటల్ దుప్పట్లన్నీ మోసుకొచ్చి (మోసింది నేనే, ఒంటి చేత్తో, అది వేరే కథ) గోల్‌పోస్టుల ఇనుప గొట్టాలకి పరుపుల్లా చుట్టి కుట్టేసింది. మా గోల్ చూస్తే ఎవరో జబ్బుమనిషిని నిలబెట్టి కట్లు కట్టినట్టుండేది. ఎవరికైనా తలకి దెబ్బ తగిలితే ఆట ఆపి, మొహం పట్టుకుని అడిగేది.

"ఎక్కడున్నావ్? నేనెవర్ని?"

"మన గ్రౌండ్! కోచత్తవి!"

జవాబు సరిగా వస్తే ఆడొచ్చు. రాకపోతే ఆస్పత్రి. ఎన్నేళ్లుగానో అవే ప్రశ్నలు, అదే జవాబు. పిల్లలకి అదొక పాటైపోయింది. మోకాలు గీరుకున్నా, చెప్పు తెగినా, ఆమె అడక్కముందే "మన గ్రౌండ్, కోచత్తవి!" అని అరిచి పారిపోయేవాళ్లు. నేనైతే టీ కొట్టు దగ్గర కూడా అలాగే అరిచేవాణ్ణి. వదిన కూడా నవ్వేది. ఆ రెండు సందర్భాల్లోనే ఆమె నవ్వేది, ఆ జవాబు విన్నప్పుడూ, జీతం ఆలస్యం కానప్పుడూ.

ఇక కూతురు. దాన్ని అందరం పిల్లి అంటాం. గోల్‌కీపర్. బంతి మీదికి దూకడం చూస్తే ఆ పేరు ఎందుకో ఎవరూ అడగరు. దూకే ముందు దానికో అలవాటు. దుప్పట్లు చుట్టిన పోస్టుకి వీపు ఆనించి, తల వెనక్కి ఓసారి కొట్టుకుని, అక్కణ్ణుంచి కొలత చూసుకుని దూకేది. మెత్తగా ఉంటుందిగా మరి. మా గ్రౌండ్ కీపర్లందరిదీ అదే తీరు.

ఈ ఏడు ఏరుకోవడానికి వచ్చినవాళ్లు పిల్లిని నొక్కి చూసి, స్టేడియానికి రమ్మన్నారు. అమ్మాయిల జట్టులో కీపర్ ఒక్కరే కావాలి. తీసుకుంటే ఉండటం, తిండి, చదువు, ఆట అన్నీ వాళ్లవే.

ఆ వారం వదిన ఒక ఆస్పత్రి గౌను మాడ్చింది. ఆమె చేతిలో బట్ట మాడటం నేనెన్నడూ చూడలేదు.

"ఏంటి వదినా, రోగి ఇంకా చలిగా ఉందన్నాడా?" అన్నాను.

"నోర్ముయ్. దాన్ని పంపనా, వద్దా?"

"నన్నడిగితే..."

"నిన్నడగలేదు. గోడనడిగాను. నువ్వు మధ్యలో ఉన్నావ్."

ఇంటికొచ్చాక పిల్లి అడిగింది. "అమ్మా, నాన్నలా అయిపోతానని భయమా?"

అన్నయ్య కిటికీ దగ్గర కూర్చుని, "పంపు, పంపు. మ్యాచ్‌కి టైమవుతోంది," అన్నాడు. ఏ మ్యాచో ఆయనకే తెలియాలి. వదిన వెళ్లి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది, జ్వరం చూసినట్టు. చాలాసేపు తియ్యలేదు.

సెలెక్షన్ ముందు ప్రాక్టీసులో పిల్లీ ఇంకో పిల్లా గుద్దుకున్నారు. ఆ పిల్ల మోకాలు పిల్లి కణతకి తగిలింది. వదిన గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తింది. ప్రశ్న పూర్తి కాకముందే "మన గ్రౌండ్, కోచత్తవి!" అని పిల్లి లేచి నిలబడింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆట సాగింది.

సెలెక్షన్ రోజు స్టేడియంలో నేను నా జీవితంలో మొదటిసారి అబద్ధం అక్కర్లేని చోటు చూశాను. గడ్డి మీద కాలు పెట్టాలంటే చెప్పులు విప్పాలనిపించింది. గోల్‌పోస్టులు తెల్లగా, నున్నగా, బోసిగా మెరుస్తున్నాయి. వదిన కంచె పట్టుకుని వాటినే చూస్తోంది.

"డాక్టర్లేరీ?" అంది.

పక్కనున్న క్లబ్బు మనిషిని అడిగాను. "ఇవాళ మ్యాచ్ కాదు కదండీ, సెలెక్షనే," అన్నాడు. చేతిలో నొప్పికి కొట్టే స్ప్రే డబ్బా ఒకటి ఉంది.

పిల్లి బాగా ఆడింది. నేను చెప్తున్నానని తగ్గించుకోకండి, నిజంగానే బాగా ఆడింది. సెలెక్టర్ పెన్ను నోట్లో పెట్టుకుని తలాడిస్తున్నాడు. పక్కన ఇంకో కీపర్ పిల్ల తన వంతు కోసం గ్లవ్స్ బిగించుకుంటోంది. అప్పుడు కుడివైపు నుంచి ఎత్తు బంతి వచ్చింది. పిల్లి అలవాటు కొద్దీ పోస్టుకి ఆనుకుని, తల వెనక్కి కొట్టింది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఢం. మా అన్నయ్య చప్పుడు.

అయినా దూకింది. బంతి పట్టింది. పట్టి, అలాగే పడుకుంది.

వదిన కంచె ఎలా దాటిందో నేను చెప్తే మళ్లీ కోతలంటారు. నేను గేటు చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఆమె పిల్లి మొహం రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

"ఎక్కడున్నావ్? నేనెవర్ని?"

"మన గ్రౌండ్! కోచత్తవి!"

ఠక్కున వచ్చింది. గొంతు ఖంగుమంది. సెలెక్టర్ నవ్వాడు. "చూశారా అమ్మా, పిల్ల హుషారుగానే ఉంది. లేపండి, ఆట సాగనిద్దాం."

నాక్కూడా నవ్వొచ్చింది. నోరు సగం తెరిచాను. అప్పుడు వదిన మొహం చూశాను. ఇస్త్రీ చేసిన దుప్పటి కూడా అంత తెల్లగా ఉండదు.

"ఏ గ్రౌండ్?" అంది మెల్లగా.

"మన గ్రౌండ్," అంది పిల్లి. కళ్లు వదిన భుజం మీదుగా ఎక్కడికో చూస్తున్నాయి. "దుప్పట్లు ఎవరు తీసేశారు?"

ఇది మన గ్రౌండ్ కాదు. ఈ పోస్టుకి దుప్పట్లు ఎప్పుడూ లేవు. పిల్లి నోరు జవాబిచ్చింది, బుర్ర కాదు. ఇన్నేళ్లూ మా పిల్లలందరూ ఎలా జవాబిచ్చారో అలాగే. ఆ సంగతి వదినకి అర్థమవడం నాకు కళ్లారా కనబడింది. ఇన్నేళ్లలో ఆమె ముందు ఎంతమంది పిల్లలు లేచి నిలబడ్డారో, ఎంతమందిని నవ్వుతూ మళ్లీ ఆటలోకి పంపిందో, అందరూ ఆ ఒక్క క్షణంలో ఆమె కళ్లలోంచి పరిగెత్తుకుంటూ పోయారు.

"ఇది ఆడదు," అంది వదిన.

"అమ్మా, ఇప్పుడు బయటికి తీస్తే నేను రెండో అమ్మాయిని చూడాల్సొస్తుంది," అన్నాడు సెలెక్టర్. చెడ్డవాడేం కాదు. అతనికీ సాయంత్రం లోపు ఒక కీపర్ కావాలి. "ఇంకాసేపేగా."

"చూసుకోండి సార్."

పిల్లి అప్పుడు మేలుకుంది. "అమ్మా! నేను బాగానే ఉన్నాను! బాబాయ్, నువ్వైనా చెప్పు! చెప్పు బాబాయ్!"

లోకంలో దేని గురించైనా అరగంట మాట్లాడగలిగిన నేను ఆ పూట వంగి, పిల్లిని భుజాన వేసుకున్నాను. అది నా వీపు మీద పిడికిళ్లతో కొడుతూనే ఉంది. గేటు దగ్గరికొచ్చేసరికి కొట్టడం ఆపేసింది. కొట్టినప్పటికంటే అప్పుడే ఎక్కువ భయమేసింది.

ఆటోలో వాంతి చేసుకుంది. వదిన ఒళ్లో తలపెట్టుకుని, "మొన్నట్నుంచీ నొప్పిగానే ఉందమ్మా," అంది. "చెప్తే పంపవని చెప్పలేదు."

ఒకటి మానకముందే ఇంకోటి. వదిన పెదాలు ఆ మాటని చప్పుడు లేకుండా అనుకోవడం చూశాను.

ఆస్పత్రి వరండాలో, మా లాండ్రీ నుంచి వెళ్లిన గౌన్లే వేసుకుని మనుషులు అటూ ఇటూ తిరుగుతున్నారు. పిల్లికీ ఒకటి వేశారు. వదిన దాని అంచు పట్టుకుని, మడత సరిచేసి, మళ్లీ మడత పెట్టి, సరిచేస్తూ కూర్చుంది. పాత ప్రశ్న అడగడానికి భయం. కొత్తది తోచడం లేదు. చివరికి, "పొద్దున బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్నారు?" అంది.

పిల్లి చాలాసేపు ఆలోచించింది.

"బాబాయ్," అంది. "నా సీటు సగం ఆయనే ఆక్రమించాడు."

వదిన ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగి పోస్టర్లు చదివాను. చేతులు కడుక్కోండి అని ఉంది.

డాక్టర్ కొన్నాళ్లు ఉంచుకుని పంపారు. పిల్లి చాలాకాలం బంతి ముట్టకూడదన్నారు. క్లబ్బు రెండో అమ్మాయిని తీసుకుంది. మంచి కీపరే, చూశాను. పిల్లి వదినతో చాలా రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, తక్కువగా. సాయంత్రాలు గ్రౌండ్‌కి వచ్చి చిన్న కీపర్ల వెనక నిలబడి, పోస్టుకి తల ఆనించినవాళ్ల జుట్టు పట్టుకుని లాగుతుంది.

వదిన ఇప్పుడు ప్రతిరోజూ ప్రశ్న మారుస్తుంది. మొన్న ఏ రంగు లారీ నిలబెట్టారు, ఇందాక ఎవరు పాస్ ఇచ్చారు. పిల్లలు విసుక్కుంటారు. జవాబు వచ్చేదాకా ఆమె ఊపిరి పీల్చదు. సరైన జవాబొచ్చినా ఇదివరకటిలా నవ్వదు.

ఇంట్లో నన్ను కూడా వదల్లేదు. నేనూ అన్నయ్యతో పాటే తలతో బంతులు కొట్టి పెరిగినవాణ్ణే కదా. రోజూ పొద్దున టీ చేతికిస్తూ, "ఏదీ, ఒక కోత కొయ్యి," అంటుంది. కోస్తాను. "అబద్ధం బాగానే అల్లావ్. బుర్ర ఉన్నట్టే," అని స్టవ్ దగ్గరికి పోతుంది.

నిన్న పొద్దున కూడా కోశాను. తలతో కొట్టిన బంతి మబ్బుల్లోకి వెళ్లి, ఒంటికి కొంగ ఈక అంటించుకుని వచ్చిందని.

వదిన వెనక్కి తిరిగింది. "ఎప్పుడూ గద్ద అంటావుగా?"

"కావాలనే మార్చాను వదినా. నువ్వు వింటున్నావో లేదో చూద్దామని," అన్నాను.

ఆమె నవ్వలేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, వచ్చి, నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి చల్లగా ఉంది. చాలాసేపు తియ్యలేదు. నేను కావాలనే మార్చాను. అవును, కావాలనే.